ఫియట్ పద్మిని: ఇరవై నిమిషాలకి ఆగిపోతోంది, చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతోంది

గోదారిగట్టు_ఫియట్:

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. నాన్నగారి 1987 మోడల్ ప్రీమియర్ పద్మిని ఇప్పుడు నా దగ్గరుంది. 1089 సీసీ పెట్రోల్ ఇంజన్, సోలెక్స్ కార్బొరేటర్, గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే. నాన్నగారు పోయాక రెండేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. నిరుడు సంక్రాంతికి బయటికి తీసి, ట్యాంకు కడిగించి, బ్యాటరీ, బెల్టు మార్పించి నడుపుతున్నాను. అమ్మకి ఈ కారంటే ప్రాణం, గుడికి వెళ్లాలన్నా ఇందులోనే అంటుంది. అందుకే దీన్ని ఎలాగైనా బాగు చేసుకోవాలి.

సమస్య ఏంటంటే, పొద్దున చోక్ లాగి సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటుంది. పదిహేను ఇరవై నిమిషాలు హాయిగా నడుస్తుంది, పికప్ బాగుంటుంది, టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంటుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి రెండు మూడు కుదుపులు, ఒక్కోసారి సైలెన్సర్లో టప్ మని ఒక చప్పుడు, ఇంజన్ ఆఫ్. ఇక ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా తిరుగుతుందే తప్ప స్టార్ట్ కాదు. అరగంట వదిలేస్తే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. మళ్లీ పది నిమిషాలకి అదే కథ.

పోయిన ఆదివారం కొవ్వూరు వెళ్తుంటే రోడ్ కమ్ రైల్ వంతెన మీద సరిగ్గా సగంలో ఆగింది. వెనక హారన్లు, పక్క సీట్లో అమ్మ, పైన రోహిణి కార్తె ఎండ. నాకైతే చేతులు వణికాయి. ఒక పెద్దాయన ఆటో ఆపి వచ్చి, ఏసీ పంపు (ఇంజన్‌కి బిగించి ఉండే పెట్రోల్ పంపు) మీద తడిగుడ్డ వెయ్యి బాబూ అన్నారు. అమ్మ దగ్గరున్న నీళ్ల సీసాతో తువ్వాలు తడిపి పంపు చుట్టూ చుట్టాం. అరగంటకి స్టార్ట్ అయింది. కాబట్టి పెట్రోల్ వేడికి ఆవిరైపోతోందని అనుకుంటున్నాను, కానీ అదే అయితే ఇప్పటిదాకా పెట్టిన ఖర్చుకి తగ్గాలి కదా. ప్లగ్గులు నాలుగూ కొత్తవి, కార్బొరేటర్ కిట్ వేయించాను, పంపు డయాఫ్రం కిట్ వేయించాను, ఫిల్టర్ మార్చాను. పదకొండు వేలు అయింది, తేడా ఏమీ లేదు. మెకానిక్ ఇప్పుడు కార్బొరేటర్ మొత్తం కొత్తది తెప్పించుకోమంటున్నాడు. ఇంట్లోనే నేను ఏమైనా చూసుకోగలనా? స్పానర్లు, టెస్ట్ ల్యాంపు, ఒక మామూలు మల్టీమీటర్ ఉన్నాయి.


మార్క్4_హైదరాబాద్:

నా దగ్గర అంబాసిడర్ మార్క్ 4 ఉంది, ఏప్రిల్, మే నెలల్లో నాకూ ఇదే. మీది వేపర్ లాక్ అనే నా అనుమానం. పెట్రోల్ పంపు ఇంజన్ బ్లాకుకే బిగించి ఉంటుంది కదండీ, బండి ఆగి ఉన్నప్పుడో ట్రాఫిక్‌లో మెల్లగా వెళ్తున్నప్పుడో ఆ వేడికి గొట్టంలో పెట్రోల్ బుడగలుగా మారుతుంది. పంపు డయాఫ్రం ద్రవాన్ని తోస్తుంది గానీ ఆవిరిని తోయలేదు. తడిగుడ్డకి స్టార్ట్ అయిందంటే ఇంకేం కావాలి? నేను గొట్టాన్ని ఇంజన్‌కి దూరంగా జరిపి, పైన వేడి తగలకుండా అల్యూమినియం తొడుగు వేయించాక చాలా తగ్గింది.

ఇంకో మాట. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. మన బళ్ల రబ్బరు గొట్టాలు, డయాఫ్రంలు, వాషర్లు దానికోసం చేసినవి కావు. మాది రెండేళ్లలో గొట్టం లోపలి పొర మెత్తబడి ఊడొచ్చి ఫిల్టర్లో నల్లటి పలుకులు చేరాయి. మీరు కొన్న డయాఫ్రం కిట్ కూడా పాత స్టాకు అయితే ఆర్నెల్లలో గట్టిపడే అవకాశం ఉంది. గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునే రకంవి వేయించండి, సమస్య ఇది కాకపోయినా ఆ పని మాత్రం చేయాల్సిందే. పెట్రోల్ కారి వేడి ఇంజన్ మీద పడితే కారుకే నిప్పంటుకుంటుంది.


ఆటోనగర్_బాబాయ్:

తమ్ముడూ, బెజవాడ ఆటోనగర్లో ఇరవై రెండేళ్లు పెట్రోల్ బళ్ల పనే చేశాను, ఎక్కువగా ఫియట్లూ అంబాసిడర్లే. ముందు ఒకటి చెప్తాను, కొత్త కార్బొరేటర్‌కి డబ్బులు కట్టొద్దు, ఇంకే సామానూ కొనొద్దు. ఇప్పటిదాకా నువ్వు మార్చినవన్నీ బండి చల్లగా, బాగున్నప్పుడు మార్చినవి. జబ్బు కనపడేది బండి ఆగిన ఆ పది నిమిషాల్లోనే. ఆ పది నిమిషాలూ మనం కంగారులో సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ దించుతూ గడిపేస్తాం. చల్లారాక స్టార్ట్ అయిందంటే సాక్ష్యం పోయినట్టే.

ఇంజన్ ఆగిందంటే రెండే దారులు, పెట్రోల్ అందక ఆగాలి, లేదా కరెంటు అందక ఆగాలి. నువ్వు రాసిన దాంట్లో నాకు రెండు మాటలు తగిలాయి. ఉన్నట్టుండి ఆగుతోంది అన్నావు, సైలెన్సర్లో టప్ మంటోంది అన్నావు. పెట్రోల్ అందని బండి అలా ఆగదు. ముందు పికప్ పోతుంది, గుంజుతుంది, యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ నీరసపడుతుంది, చోక్ కొంచెం లాగితే కాసేపు బతుకుతుంది కూడా. కరెంటు పోయిన బండి స్విచ్ కట్టేసినట్టు ఆగుతుంది, కాలని పెట్రోల్ సైలెన్సర్లోకి పోయి అక్కడ పేలుతుంది. ఇది అనుమానమే, రుజువు కాదు. రుజువు నువ్వే తీయాలి.

రోడ్డు మీదికి పోనవసరం లేదు. ఇంటి ముందు, ఆరుబయట, షెడ్డులో మాత్రం వద్దు (పొగ ప్రాణాలు తీస్తుంది), బండి పెట్టి హ్యాండ్ బ్రేక్ వేసి ఆగేదాకా నడవనీ. చేతికి ఉంగరం, వాచీ ఉంటే తీసెయ్. లుంగీ, కండువా లాంటివి ఫ్యాన్ దగ్గరికి రానీయకు. రేడియేటర్ మూత జోలికి పోవద్దు.

ఆగిన వెంటనే మొదట పెట్రోల్ సంగతి. ఎయిర్ ఫిల్టర్ మూత ముందే తీసి పెట్టుకో. కార్బొరేటర్ గొంతులోకి టార్చి వేసి, స్విచ్ ఆఫ్‌లో ఉంచి, యాక్సిలరేటర్ లింకు చేత్తో ఒక్కసారి లాగు. లోపల సన్నటి ధారలా పెట్రోల్ చిమ్మితే కార్బొరేటర్‌లో పెట్రోల్ నిలవుండే ఫ్లోట్ గిన్నెలో పెట్రోల్ ఉన్నట్టే, అప్పుడు వేపర్ లాక్ మాట పక్కన పెట్టొచ్చు. చిమ్మకపోతే హైదరాబాద్ సోదరుడు చెప్పిందే కరెక్ట్. అలా అయితే పెట్రోల్ ట్యాంకు మూత కూడా విప్పి చూడు, విప్పగానే బుస్ మని గాలి లోపలికి పీల్చుకుంటే మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయిందన్నమాట. రూపాయి ఖర్చు లేని రిపేరు అది, కానీ దానికోసం పంపులు మార్పించిన వాళ్లని చూశాను.

ఎయిర్ ఫిల్టర్ మూత మళ్లీ పెట్టేసి, పెట్రోల్ వాసన పోయాక అప్పుడు కరెంటు. రెండూ ఒకేసారి చూడొద్దు, నిప్పురవ్వా పెట్రోలూ పక్కపక్కన ఉండకూడదు. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది) మూత నడిమధ్యలో ఉన్న లావు వైరు, కాయిల్ (బ్యాటరీ కరెంటుని స్పార్క్ దూకేంత వోల్టేజికి పెంచే డబ్బా) నుంచి వచ్చేది, అది ఊడదీసి రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయరుతో పట్టుకుని, కార్బొరేటర్‌కి దూరంగా, శుభ్రంగా ఉన్న ఒక బోల్టుకి ఐదారు మిల్లీమీటర్ల దూరంలో ఉంచు. ఇంకొకరు సెల్ఫ్ కొట్టాలి. నీలంగా, టప్ టప్ మని వినపడేలా దూకితే మంచిది. పసుపుగా, దారప్పోగులా, చప్పుడు లేకుండా వస్తే, లేదా అసలు రాకపోతే జబ్బు అక్కడే. ఇదే పరీక్ష చల్లగా ఉన్నప్పుడు కూడా ఒకసారి చెయ్, పోల్చుకోవడానికి ఉంటుంది.

చివరగా, ఈసారి తడిగుడ్డ పంపు మీద వద్దు. గట్టిగా పిండి కాయిల్ ఒంటికి చుట్టు, పైన వైరు దూరే చోట నీళ్లు పడకుండా. ఎన్ని నిమిషాలకి స్టార్ట్ అయిందో రాసిపెట్టు.


గోదారిగట్టు_ఫియట్:

బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే నిన్న సాయంత్రం, ఇవాళ పొద్దున రెండుసార్లు చేశాను. మా అబ్బాయి సెల్ఫ్ కొట్టాడు.

చల్లగా ఉన్నప్పుడు స్పార్క్ నీలంగా, గట్టిగా వచ్చింది, కాయిల్ మీద చెయ్యి వేస్తే మామూలుగానే ఉంది. ఇంటి ముందు నిలబెట్టి నడిపితే పద్దెనిమిది నిమిషాలకి ఆగింది. వెంటనే కార్బొరేటర్లోకి చూశాను. లింకు లాగిన ప్రతిసారీ పెట్రోల్ చక్కగా చిమ్ముతోంది! ట్యాంకు మూత విప్పితే ఏ చప్పుడూ లేదు. తర్వాత వైరు ఊడదీసి చూస్తే నాలుగైదు తిప్పులకి ఒకసారి సన్నటి పసుపు పోగు, అది కూడా మూడు మిల్లీమీటర్లకి దగ్గరగా తెస్తేనే. కాయిల్ మీద చెయ్యి ఒక్క సెకను కూడా ఉంచలేకపోయాను, అంత కాలిపోతోంది. దాని కింద క్లాంపు దగ్గర నల్లటి నూనె తడి కూడా ఉంది, ఇన్నాళ్లూ అది ఇంజన్ ఆయిల్ అనుకుని తుడిచేస్తున్నాను.

నిన్న ఏ గుడ్డా వేయకుండా ఊరికే వదిలేస్తే ఇరవై ఏడు నిమిషాలకి స్టార్ట్ అయింది. ఇవాళ తడిగుడ్డ కాయిల్‌కి చుట్టి రెండు నిమిషాలకోసారి మార్చాను. తొమ్మిది నిమిషాలకి స్టార్ట్ అయింది. అంటే ఆ రోజు వంతెన మీద పంపు మీద వేసిన గుడ్డ చేసిందేమీ లేదు, మేం గుడ్డ తడుపుతూ గడిపిన ఆ అరగంటలో కాయిల్ దానంతటదే చల్లారింది. ఇది అర్థమైనప్పుడు నాకు ఎంత తేలికగా అనిపించిందో చెప్పలేను.

డిస్ట్రిబ్యూటర్ మూత కూడా తీశాను. లోపల కాయిల్ కరెంటుని కలుపుతూ తెంచుతూ ఉండే పాయింట్ ఒక పక్క గుంట పడి, ఇంకో పక్క మొటిమలా లేచి, బూడిద రంగులో మాడి ఉంది. ఆర్నెల్ల కిందే కొత్తది వేశారు. అమ్మని అడిగితే, నాలుగేళ్ల కింద నాన్నగారే ఒక షాపులో కాయిల్ మార్పించారట. అప్పట్లో ఆయన పొద్దున్నే రైతుబజారుకి వెళ్లొచ్చేవారు, పది నిమిషాల ప్రయాణం, అందుకే ఈ సమస్య బయటపడి ఉండదు.

ఇప్పుడు కాయిల్ కొనెయ్యమంటారా, కండెన్సర్ (పాయింట్ దగ్గర నిప్పురవ్వలు తగ్గించేది) కూడా మార్చాలా? పాయింట్ మాడిందంటే కండెన్సర్ పోయినట్టు అని ఎక్కడో విన్నాను.


విశాఖ_మీటర్:

కొనే ముందు ఐదు నిమిషాలు మీటరు పెట్టండి, ప్లీజ్. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చెప్తాను, మా నాన్న అంబాసిడర్ ఇంకా మా ఇంట్లో ఉంది. మీరు రాసింది చదవగానే నాకు కాయిల్ పాడవడం కంటే అసలు ఆ కాయిల్ ఈ బండిది కాదేమో అనిపించింది.

కాయిల్స్‌లో రెండు రకాలు వస్తాయి. ఒకటి నేరుగా పన్నెండు వోల్టులకి బిగించేది, దాని ప్రైమరీ చుట్ట సుమారు 3 ఓమ్‌లు ఉంటుంది. రెండోది బల్లాస్ట్ రెసిస్టర్‌తో (కాయిల్‌కి వెళ్లే కరెంటుని తగ్గించేది) కలిపి వాడాల్సింది, సుమారు 1.5 ఓమ్‌లు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, ఒకే క్లాంపులో పడతాయి, ఒకే వైర్లు తగులుతాయి. రెండో రకాన్ని బల్లాస్ట్ లేకుండా బిగిస్తే బండి బ్రహ్మాండంగా స్టార్ట్ అవుతుంది, స్పార్క్ ఇంకా బాగుంటుంది కూడా. కానీ లెక్క చూడండి. 12 వోల్టులకి 3 ఓమ్‌లైతే పాయింట్లు మూసుకున్నప్పుడు 4 ఆంపియర్లు. 1.5 ఓమ్‌లైతే 8 ఆంపియర్లు. కాయిల్లో పుట్టే వేడి 48 వాట్లకి బదులు 96 వాట్లు. ఆ 8 ఆంపియర్లని తెంచాల్సింది మీ పాయింట్లే, అందుకే ఆర్నెల్లకి మాడిపోయాయి. మీరు చూసిన నూనె తడి కాయిల్ లోపలి నూనే అయి ఉండొచ్చు, వేడికి సీలు తెరుచుకుంటే బయటికొస్తుంది.

ఎలా చూడాలంటే, స్విచ్ ఆఫ్ చేసి కాయిల్ రెండు సన్న టెర్మినల్స్ మీద వైర్లు విప్పండి (ఏది ఏ వైపో ఫోనులో ఫొటో తీసుకోండి). మీటరు 200 ఓమ్‌ల స్కేలులో పెట్టి ముందు రెండు ప్రోబ్‌లూ ఒకదానికొకటి తాకించండి. 0.3, 0.4 అలా ఏదో చూపిస్తుంది, అది ప్రోబ్ వైర్ల రెసిస్టెన్స్. తర్వాత వచ్చే రీడింగ్‌లోంచి అది తీసేయాలి. ఇంత చిన్న విలువల దగ్గర ఆ తీసివేత మర్చిపోతే 1.5ని 2 అనుకుంటారు. కాయిల్ చల్లగా ఉన్నప్పుడే చూడండి, రాగి వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది.

ఆ తర్వాత వైర్లు తిరిగి బిగించి, పాయింట్లు మూసుకుని ఉండేలా ఇంజన్‌ని కొంచెం తిప్పి ఆపి, స్విచ్ ఆన్ చేసి, స్విచ్ నుంచి వచ్చే వైపు టెర్మినల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజి చూడండి. బ్యాటరీ వోల్టేజికి దగ్గరగా ఉంటే దారిలో బల్లాస్ట్ లేనట్టే. ఉంటే బాగా తక్కువ చూపించేది. చూసిన వెంటనే స్విచ్ ఆఫ్ చేయాలి. ఇంజన్ ఆపి స్విచ్ ఆన్‌లోనే ఉంచి పాటలు వినే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే మాన్పించండి, పాయింట్లు మూసుకుని ఉన్నాయంటే ఆ సేపంతా కాయిల్ ఊరికే ఉడుకుతుంది.

ఒక జాగ్రత్త. ఓమ్‌లు సరిగ్గా ఉన్నంత మాత్రాన కాయిల్ మంచిదని కాదు. లోపలి ఇన్సులేషన్ వేడికి లీకయితే మామూలు మీటరు పట్టుకోలేదు. ఆ విషయంలో బాబాయ్ గారి తడిగుడ్డే నా మీటరు కంటే మేలు.


గోదారిగట్టు_ఫియట్:

మేడమ్, మీకు చాలా కృతజ్ఞతలు. ప్రోబ్‌లు తాకిస్తే 0.4, కాయిల్ మీద 1.9. అంటే 1.5. స్విచ్ వైపు వోల్టేజి 12.1, అప్పుడు బ్యాటరీ 12.4. ఆ వైరు స్విచ్ నుంచి కాయిల్ దాకా చేత్తో పట్టుకుని వెతికాను, మధ్యలో ఏ రెసిస్టరూ లేదు. కాయిల్ తిప్పి చూస్తే వెనక, క్లాంపుకి దాక్కుని, బల్లాస్ట్‌తో మాత్రమే వాడాలని చిన్న అక్షరాల్లో ఉంది. నాలుగేళ్లుగా అక్కడే ఉంది ఆ మాట.

షాపుకి మీటరు పట్టుకునే వెళ్లాను. మొదట ఇచ్చినది 1.6 వచ్చింది, తిరిగి ఇచ్చేశాను. లోపల్నుంచి ఇంకోటి తెచ్చారు, 3.1. దాంతోపాటు కొత్త పాయింట్లు, కండెన్సర్ వేశాను. నిన్న మిట్టమధ్యాహ్నం ఇంటి ముందు గంటసేపు నడిపాను, ఆగలేదు. కాయిల్ వెచ్చగా ఉంది, చెయ్యి వేసి ఉంచగలుగుతున్నాను. ఇవాళ పొద్దున అమ్మని ఎక్కించుకుని వంతెన దాటి కొవ్వూరు వెళ్లి గోష్పాద క్షేత్రంలో దండం పెట్టుకుని వచ్చాం. వంతెన మధ్యలోకి వచ్చేసరికి అమ్మ నా చెయ్యి పట్టుకుంది, అవతలి ఒడ్డు వచ్చేదాకా వదల్లేదు.

హైదరాబాద్ అన్నగారూ, మీ మాట ప్రకారం గొట్టాలన్నీ మార్పిస్తున్నాను. ఒకటి వేలితో నొక్కితే బంకలా ఉంది, మంచి సమయానికి చెప్పారు.

ఒక్క చిన్న సందేహం. ఐడ్లింగ్‌లో అప్పుడప్పుడూ ఒక చిన్న మిస్సింగ్ (ఒక సిలిండర్ మండక తడబడటం) ఉంది, రేస్ చేస్తే పోతుంది. పాయింట్ గ్యాప్ ఫీలర్ గేజ్‌తో 0.4 మిల్లీమీటర్లు పెట్టాను.


మార్క్4_హైదరాబాద్:

వేపర్ లాక్ అని గట్టిగా అన్నది నేనే, తప్పయింది. రేపే నా అంబాసిడర్ కాయిల్ కొలుస్తాను, అదీ మధ్యలో ఒకసారి మార్చిందే.


ఆటోనగర్_బాబాయ్:

చాలా సంతోషం తమ్ముడూ. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

మిస్సింగ్‌కి ఇప్పుడే కార్బొరేటర్ స్క్రూలు తిప్పకు. ఐడ్లింగ్‌లో ఉండగా రబ్బరు పిడి ప్లేయరుతో ఒక్కో ప్లగ్గు వైరూ పీకి వెంటనే పెట్టు. ఏది పీకితే ఇంజన్ చప్పుడు మారలేదో ఆ సిలిండరే సరిగ్గా పనిచేయట్లేదు. ఆ ప్లగ్గు, ఆ వైరు పక్కదాంతో మార్చి చూడు. మిస్సింగ్ కూడా దాంతోపాటే మారితే ప్లగ్గో వైరో, అక్కడే ఉండిపోతే వాల్వ్ క్లియరెన్స్, కంప్రెషన్ చూడాలి. ఏది తేలిందో ఇక్కడే రాయి.

కొత్త పాయింట్ కదా, దాన్ని తెరిచే క్యామ్‌కి రాసుకునే దాని మడమ మొదట్లో త్వరగా అరుగుతుంది. క్యామ్ మీద బియ్యపు గింజంత గ్రీజు రాయి, ఎక్కువ రాస్తే ఎగిరి పాయింట్ల మీద పడుతుంది. ఐదారు వందల కిలోమీటర్లకి గ్యాప్ మళ్లీ చూసి సరిచెయ్, గ్యాప్ తగ్గితే టైమింగ్ వెనక్కి పోతుంది. ఆ పాత కాయిల్ షెడ్డులో ఊరికే పెట్టకు, రేపు ఇంకెవరో స్పేర్ అనుకుని బిగిస్తారు. దాని మీద పెయింటుతో పెద్దగా రాసెయ్, లేదా వైరు టెర్మినల్స్ విరిచేసి ఇనప సామాన్ల వాడికి ఇచ్చెయ్.